స్పృహ, ధ్యాస, అవధానం: ఏది ఎక్కడ?

సందేహం: డీఎడ్ చదువుతున్నానండీ. మా సైకాలజీ పుస్తకంలో అటెన్షన్‌ని ‘అవధానం’ అన్నారు. అవధానమంటే పద్యాలు చెప్పడం కదా? స్పృహ లేకపోవడాన్ని ‘నిస్పృహ’ అని రాస్తే మేడం కొట్టేశారు, ‘సోయి లేకపోవడం’ అని రాస్తే మాండలికం అన్నారు. ఇంతకీ కాన్షస్‌నెస్‌కీ అటెన్షన్‌కీ ఏ మాటలు వాడాలి?

సమాధానం: ముందు నిస్పృహ సంగతి చూద్దాం. మేడం కొట్టేయడం సరైనదే. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక, కాబట్టి అక్కడ నిస్పృహుడంటే కోరికలు లేనివాడు, అది మెచ్చుకోలు మాట. తెలుగులోకి వచ్చాక రెండూ చెరో దారి పట్టాయి. స్పృహ ఏమో ఒంటిమీద తెలివి అయింది, నిస్పృహ ఆశలుడిగిపోవడం అయింది. అందుకే ‘నిరాశా నిస్పృహలు’ అని జంటగా అంటాం. మత్తుమందు ఇచ్చిన మనిషికి స్పృహ ఉండదు, అతను నిస్పృహలో ఉన్నాడని ఎవరూ అనరు. పరీక్ష తప్పినవాడు స్పృహలో ఉండే నిస్పృహలో ఉంటాడు.

ఇక అసలు ప్రశ్న. మీ పుస్తకం ఈ రెండిటినీ రెండు పాఠాలుగా పెట్టి నిర్వచనాలు బట్టీ పట్టమంటుంది గానీ, ఆ తేడా మన క్రియాపదాల్లోనే ఉంది. స్పృహ తప్పుతుంది, పోతుంది, వస్తుంది. తెలివి కూడా అంతే, ‘అమ్మకి తెలివొచ్చింది’ అంటాం. మనం చేసేదేమీ లేదు, మనకు జరుగుతుంది. ధ్యాస, దృష్టి, మనసు మాత్రం పెడతాం, నిలుపుతాం, మళ్ళిస్తాం. ‘కాస్త స్పృహ పెట్టి చదువు’ అని తెలుగువాళ్ళెవరూ అనరు. ఏ మాట పక్కన ‘పెట్టు’ ఇముడుతుందో అది అటెన్షన్ వైపుది, ‘తప్పు, వచ్చు’ ఇమిడేవి ఎక్కువగా కాన్షస్‌నెస్ వైపువి. ధ్యాస కూడా ఒక్కోసారి తప్పుతుంది, నిజమే, కానీ అప్పుడు మనిషి కింద పడిపోడు.

ఈ కాన్షస్‌నెస్ వైపు మెట్లున్నాయి. నిద్రకు తూగడం, కునుకు, మగత, ఒళ్ళు తెలియని నిద్ర, ఆ తర్వాత స్పృహ లేకపోవడం. ఆసుపత్రిలో దీన్ని అంకెల్లో కొలుస్తారు, 1974లో వచ్చిన గ్లాస్గో కోమా స్కేల్‌తో. కళ్ళు తెరుస్తున్నారా, మాట ఎలా ఉంది, కాలూ చెయ్యీ కదులుతున్నాయా అని చూసి 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తారు. మా పెద్దమ్మ మంచం పక్కన డాక్టరుగారు ‘అమ్మా, కళ్ళు తెరువు, నీ పేరేంటి?’ అని గట్టిగా అడుగుతుంటే ఆవిడ రెప్ప కొంచెం ఎత్తి మళ్ళీ వాల్చేసింది, నర్సు మాతో ‘స్పృహలోనే ఉన్నారు, మగతగా ఉన్నారంతే’ అంది. ఆ ఒక్క ముక్కకి మాకు టెన్షన్ సగం తగ్గింది. అంత పని చేసే మాట మగత!

అవధానం విషయంలో మాత్రం మీ పుస్తకమే రైటు. సంస్కృతంలో దాని మొదటి అర్థమే మనసు పెట్టడం, పద్యాల సభకు ఆ పేరు అందుకే వచ్చింది. ఒకసారి అష్టావధానానికి వెళ్ళి చూడండి, మీ పాఠమంతా అక్కడ కనిపిస్తుంది. ఒకేసారి ఎనిమిది పనులు అనుకుంటాం గానీ, పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు, వరసగా అడుగుతుంటే అవధాని సమస్యకి (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయడం) ఒక పాదం చెప్పి, దత్తపదికి (ఇచ్చిన మాటలు వచ్చేలా పద్యం చెప్పడం) ఒక పాదం చెప్పి, మళ్ళీ మొదటికి వస్తాడు. అంటే ధ్యాసను పంచడం కన్నా మళ్ళించడమే ఎక్కువ. మధ్యలో గంట ఎప్పుడు పడితే అప్పుడు మోగుతుంది, ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు చూడండి, ఆయన పనే ధ్యాస చెదరగొట్టడం. పద్యం నడుమ ‘మీ ఇంట్లో ఇవాళ కూరేంటండీ?’ లాంటిది అడిగేస్తాడు! చివరికి పద్యాలన్నీ మళ్ళీ అప్పజెప్పడాన్ని ధారణ అంటారు. జ్ఞాపకశక్తి పాఠంలో మీరు చదివే ‘ధారణ’ కూడా ఆ మాటే.

పరధ్యానం అన్న మాట కూడా మీకు పనికొస్తుంది. అది ధ్యాస లేకపోవడం కాదు, ధ్యాస వేరే దానిమీద ఉండడం. 1999లో సైమన్స్, ఛాబ్రిస్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అచ్చంగా దీన్నే పరీక్షించారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమని వీడియో చూపిస్తే, మధ్యలోంచి గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచి వెళ్ళినా సుమారు సగం మంది చూడనే లేదు. స్పృహలోనే ఉన్నారు, కళ్ళూ తెరిచే ఉన్నాయి, ధ్యాస బంతి మీద ఉంది.

సోయిని కొట్టేయడం మాత్రం నాకు నచ్చలేదు. తెలంగాణలో ‘సోయి తప్పి పడిపోయిండు’ అంటే స్పృహ, ‘సోయి లేకుంట మాట్లాడకు’ అంటే ధ్యాస. రెండు వైపులా నడిచే మాట కాబట్టి నిర్వచనానికి ఇరుకవుతుంది, అంతే గానీ తప్పు మాట కాదు. జాగ్రత్త కూడా అలాంటిదే. ‘జాగ్రత్’ అంటే మేలుకొని ఉండడం, మనం దాన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం చేసుకున్నాం.

పరీక్షలో కాన్షస్‌నెస్‌కి చేతన, అటెన్షన్‌కి అవధానం అనే రాయండి, మార్కులు పోకూడదు. ఫ్రాయిడ్ చెప్పింది అచేతనం, అంటే మనకు తెలియకుండా మనసు లోతుల్లో ఉండే భాగం, దాన్ని స్పృహ తప్పడంతో కలపకండి. రేపు మీరే టీచరై కిటికీలోంచి బయటకు చూస్తున్న పిల్లాణ్ణి పిలిచేటప్పుడు మాత్రం ‘ధ్యాస ఎక్కడుందిరా?’ అనండి, వాడికి వెంటనే అర్థమవుతుంది.