ఎటు కదిలిందో చూడు అమ్మలూ

శ్రీకాకుళం
మంగళవారం రాత్రి

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నియ్యా, నీ కోడలు రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం చేసేసింది. ఆదివారం చెరువు కాడ ఎగరేస్తాదట" అంది. నువ్వు పంపిన వీడియో పదిసార్లైనా చూసుంటాను. ఫోమ్‌బోర్డు మడత దగ్గర కోత ఎంత తిన్నగా ఉందో, పలకల్ని కదిపే సర్వో మోటార్ల కడ్డీలు ఎంత శుభ్రంగా వంచావో చూసి కడుపు నిండిపోయింది. మీ అత్తకి చూపించాను, పక్కింటి వాళ్లకీ చూపించాను. రాత్రి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అనేస్తావు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ముందు చేతిలో రిమోట్, అదే ట్రాన్స్‌మిటర్, ఆన్ చెయ్యి, తరవాతే విమానానికి బ్యాటరీ తగిలించు. దిగాక ముందు విమానం బ్యాటరీ తీసెయ్యి. ఇంట్లో మోటారు తిప్పి చూసేటప్పుడు ప్రొపెల్లర్ విప్పేసి ఉంచు. కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద రోజూ ఓ గంట కూర్చో. సీజీ, అదే బరువు సరిగ్గా తూగే చోటు, ఇంకోసారి చూసుకో. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే ముందంచు నుంచి 5, 6 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద నిలబడాలి. ముక్కు కాస్త బరువైనా పరవాలేదు, ఎగురుతుంది. తోక బరువైతే నీ చేతికి లొంగదు.

ఇప్పుడు తిట్టాల్సింది ఒకటి ఉంది. వీడియో చివర్లో మంచం మీద చార్జర్ కనిపించింది. దుప్పటి మీద లైపో బ్యాటరీ పెట్టి చార్జింగ్ చేస్తావా తల్లీ? అది అంటుకుంటే నీళ్లు తెచ్చేలోపు పరుపు కూడా అంటుకుంటుంది. రేపటి నుంచి వరండాలో సిమెంటు నేల మీద, పక్కన ఇసక బకెట్ పెట్టుకుని, నువ్వు ఎదురుగా కూర్చుని చెయ్యి. నీది 2200 ఎంఏహెచ్ కాబట్టి 2.2 ఆంపియర్లు దాటించకు. సెల్స్ అన్నీ సమంగా నిండేలా బ్యాలెన్స్ వైరు తప్పకుండా తగిలించు. సెల్ 4.2 వోల్టులకి రాగానే తీసెయ్యాలి. వారం రోజులు ఎగరెయ్యనప్పుడు నిండుగా ఉంచకుండా సెల్‌కి 3.8 దగ్గర పెట్టి దాచు. కాస్త ఉబ్బినట్టు కనిపించినా దాని మీద ఆశ వదులుకో, ఇంకోటి నేను కొంటాను. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకున్నావని తెలిస్తే మాత్రం మీ నాన్నతో చెప్పి ఆ చార్జర్ బీరువాలో పెట్టించేస్తాను.

గాలి సంగతి. ఈ ఎండల్లో పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకి ఆపెయ్యి. ఎండెక్కాక ఎండిన చెరువులో సుడిగాలి ఎప్పుడు లేస్తుందో తెలీదు. గాలికి ఎదురుగా వదులు, గాలికి ఎదురుగానే దింపు. చెరువు కింద నువ్వుల చేలుంటాయి. విమానం అందులో పడితే చేను తొక్కుకుంటూ పరిగెత్తకు, గట్టు మీంచి వెళ్లి ఆ రైతుని అడిగి తెచ్చుకో. బోరు మోటార్లకి వెళ్లే కరెంటు తీగల మీద పడితే ఇక అది నీది కాదనుకో. గెడ పట్టుకుని తియ్యడానికి ఎవర్నీ వెళ్లనివ్వద్దు, నువ్వూ వెళ్లొద్దు. లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యి.

ఇంక అసలు విషయం చెబుతాను. ఇది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

1994 కనుమ. నేనప్పుడు ఎయిర్ ఫోర్స్‌లో, బెంగళూరు జాలహళ్లిలో ఉండేవాణ్ణి. సెలవు దొరికినప్పుడల్లా బల్సా చెక్కతో పని చేసి నేర్చుకునేవాళ్లు ఎగరేసే ట్రైనర్ విమానం ఒకటి తయారుచేశాను. ఐదున్నర అడుగుల రెక్క, 6.5 సీసీ ఇంజిను, రెండున్నర కిలోల బరువు. మిథనాల్‌లో ఆముదం కలిపి పోస్తే నడిచేది. ఆ ఆముదం కాలిన వాసన ఈ ఉత్తరం రాస్తుంటే ఇప్పుడు కూడా ముక్కుకి తగులుతోంది. రెక్కని దుప్పట్లో చుట్టి, రెండు రైళ్లు మారి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఊరికి తెచ్చాను.

బయల్దేరే ముందు వారం రెక్క మీది పలకని, అదే ఎయిలెరాన్‌ని, కదిపే సర్వో పళ్లు అరిగిపోతే కొత్తది వేశాను. ఆ కొత్తది పాతదానికి ఎదురు దిక్కులో తిరిగేది. ట్రాన్స్‌మిటర్ మీద రివర్స్ స్విచ్ ఉంటుంది, గోటితో జరిపితే సరిపోయేది. నేను చూసుకోలేదు.

నూర్పులు అయిపోయిన కళ్లం, పేడతో అలికి సిమెంటులా ఉంది. ఊరంతా వచ్చింది. మీ తాతయ్య కొత్త కండువా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. అందరూ చూస్తున్నారని నాకు తొందర. ఇంజిను స్టార్ట్ చేశాను, స్టిక్ అటూ ఇటూ తిప్పాను, రెక్కల మీద పలకలు కదిలాయి. కదిలాయా అని చూశాను. ఎటు కదిలాయో చూడలేదు.

విమానం లేచింది. మనిషి ఎత్తు దాటగానే ఎడమ రెక్క కాస్త వాలింది. కుడికి ఇచ్చాను, ఇంకా ఎడమకి వాలింది. ఇంకా కుడికి తోశాను. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, అది ఆగలేదు. ఏం జరుగుతోందో బుర్రకి అందేసరికి విమానం పక్కకి తిరిగిపోయి, ఇంజిను పూర్తి జోరులో, గట్టు మీద వరసగా కూర్చున్న పిల్లల మీదకి వెళ్లిపోతోంది. ఇంజిను జోరు తగ్గించే థ్రాటిల్ కిందకి లాగాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు.

ఆ వరస చివర, తాటిచెట్టుకి ఆనుకుని మీ అమ్మ నిలబడి ఉంది. పదమూడేళ్ల పిల్ల, పండగ పరికిణీలో. విమానం ఆ చెట్టుకే కొట్టుకుంది. మీ అమ్మ తలకి జానెడు పైన.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లకి అది కూడా ఆటలో భాగమే. మీ అమ్మ, ఇంజిను వేడిగా ఉందని పరికిణీ అంచుతో పట్టుకుని, "ఇదిగో అన్నియ్యా" అని తెచ్చి ఇచ్చింది. తన జడలో బల్సా పేళ్లు ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటీ తీశాను. ఒకటి చెవి పక్కనే ఉంది, సూదిలా. నా చేతులు వణుకుతుంటే, "విమానం పోయిందని ఏడవకు, ఇంకోటి చేసుకుందువుగాని" అని నన్నే ఓదార్చింది. తాటి మాను మీద ప్రొపెల్లర్ పెట్టిన గాట్లు చాలా ఏళ్లు ఉన్నాయి. ఊరెళ్లినప్పుడల్లా వెళ్లి చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. 2018లో తిత్లీ తుపానుకి ఆ చెట్టు పడిపోయింది. నేను మాత్రం ఆరేళ్లు మళ్లీ ట్రాన్స్‌మిటర్ ముట్టుకోలేదు.

అందుకని ఇది నేను అడుగుతున్నది కాదు, చెయ్యాల్సిందే. ఎగరేసే ప్రతిసారీ, మధ్యలో బ్యాటరీ మార్చినా సరే, విమానం వెనకాల నిలబడు. స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్క పలక పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ నీ వైపు లాగితే తోక మీద అడ్డంగా ఉండే పలక, ఎలివేటర్, పైకి లేవాలి. తోక మీద నిలువుగా ఉండే రడ్డర్ కుడికి ఇస్తే కుడికే తిరగాలి. పైకి అను, "కుడి, పైకి" అని నోటితో చెప్పు. ఎవరు నవ్వినా చెప్పు. సర్వో విప్పినా, వైర్లు తీసి పెట్టినా రెండుసార్లు చూడు. తరవాత థ్రాటిల్ కొంచెం ఇచ్చి, ఎవరిచేతనైనా విమానం వెనక నుంచి గట్టిగా పట్టించి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూడు. మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే, సిగ్నల్ పోయినప్పుడు మోటారుని ఆపే ఫెయిల్‌సేఫ్ సరిచేసేదాకా ఎగరెయ్యకు. గాల్లో ఉండగా నీ చెయ్యి చెప్పినట్టు వినకపోతే మొదట థ్రాటిల్ తగ్గించు. విమానం విరిగితే విరగనీ.

నీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, సిమ్యులేటర్లో నువ్వు తడబడేది అక్కడేనని మీ అమ్మ చెప్పింది. ఏ రెక్క కిందకి వాలితే స్టిక్‌ని ఆ రెక్క వైపే తోయి, వాలిన పందిరికి గుంజ ఊతం పెట్టినట్టు. నెల్లాళ్లలో ఆలోచించక్కర్లేకుండా వస్తుంది.

పిల్లల విషయం. మన ఊళ్లలో ఆకాశంలో చప్పుడైతే చాలు, గుంటలందరూ పరిగెత్తుకొస్తారు. వాళ్లని తరమకు. నువ్వూ అలా వచ్చినదానివే. కానీ అందరూ నీ వెనకాల కూర్చోవాలి, కింద, ఒకే చోట. విమానం ఎప్పుడూ నీ ముందే ఉండాలి, తల మీదుగా రానివ్వకు. ఒక్కడు లేచి ముందుకి పరిగెత్తినా ఆ రోజుకి దింపెయ్యి.

డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చెరువు ఏ రంగులో ఉందో చూసుకో. ఆకుపచ్చలో, అంటే అనుమతి అక్కర్లేని చోట, ఉన్నా 400 అడుగులు దాటకూడదు, కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. భోగాపురం విమానాశ్రయం వైపు స్నేహితులు ఎవరైనా పిలిచినా విమానం తీసుకుని వెళ్లకు.

నువ్వు తప్పు చేస్తావని కాదు తల్లీ. నాకంటే నీ చెయ్యి నెమ్మది, అది వీడియోలోనే తెలిసింది. నువ్వు మొదటిసారి దాన్ని గాల్లోకి వదిలినప్పుడు నీ మొహం చూడాలని ఉంది నాకు. శనివారం సాయంత్రం ఆముదాలవలసలో పాసింజర్ ఎక్కి చీపురుపల్లిలో దిగుతాను, నాన్నని బండి తెమ్మను. అప్పటిదాకా విమానం ఇంట్లోనే ఉండనీ. 1994లో తప్పు నాదేనన్న సంగతి మీ అమ్మకి ఆ రాత్రి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు. రెండు ప్రొపెల్లర్లు, పిల్లల్ని కూర్చోబెట్టడానికి నాలుగు గోనెపట్టాలు తెస్తున్నాను. మీ అమ్మకి మాత్రం కుర్చీ వేద్దాం, నీ వెనకాల, అందరికంటే వెనక.

మీ మావయ్య