వేడి మీద స్టార్ట్ కాని కారు: గ్యారేజీపై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది 2008 మోడల్ ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) కారు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. కాసేపు తిప్పి ఆపితే మాత్రం పావుగంట దాకా అందుకోదు, ఐడ్లింగ్‌లో ఊగుతుంది. గ్యారేజీలో ఫ్యూయల్ పంప్, ప్లగ్గులు, ఐడిల్ వాల్వ్ (ఐడ్లింగ్‌లో ఇంజిన్‌కు గాలి అందించేది) మార్చి రూ.18,500 తీసుకున్నారు. జబ్బు అలాగే ఉంది. ఇంకో రూ.6,000 కడితేనే కారిస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేసు వేయొచ్చు. అయితే ‘బండి బాగవలేదు’ అన్న మాట ఒక్కటే చాలదు. పాత బండి కదా, ఏదైనా పోతుందని వాళ్లంటారు. మెకానిక్ చూపాల్సింది ఆ పనికి తగిన నేర్పు. పరీక్షించకుండానే పార్టులు మార్చారని రుజువు చేస్తేనే సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం అవుతుంది.

ముందు కారు చేతికి రావాలి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, సరిగా చేసిన పని కూలికి బండిని ఆపుకునే హక్కు గ్యారేజీకి ఉంది. ఆ తగవు అక్కడే తేల్చుకోబోతే బండి నెలల తరబడి ఎండలో ఉంటుంది. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసిచ్చి కట్టండి. పార్టులవారీ బిల్లు, తీసేసిన పాత పార్టులు అడిగి తీసుకోండి. పాత పంప్ చాలా ముఖ్యం, అది బాగానే ఉందని తేలితే అనవసరంగా మార్చారనడానికి అదే రుజువు. బిల్లు ఇవ్వకపోతే అదీ అనుచిత వ్యాపార పద్ధతే.

తర్వాత మరో వర్క్‌షాప్‌లో, ఏ పార్టూ మార్చకముందే, ఇంజిన్ వేడిగా ఉండి మొరాయిస్తున్నప్పుడే పరీక్ష చేయించండి. చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇంజిన్ కాగి ఉండగా స్కానర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి 20 డిగ్రీలే చూపితే ఆ వేడిని కొలిచే సెన్సర్ చెడి ఉండొచ్చు. ఇంజిన్ చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ప్లగ్గులు తడుస్తాయి, ఐడ్లింగూ పాడవుతుంది. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా చూపి, స్పార్క్ రాకపోతే క్రాంక్ సెన్సర్‌ను (ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకు చెప్పేది) అనుమానించాలి. వేడికి లోపలి చుట్ట తెగి, చల్లారితే కలుస్తుంది. ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ కూడా పెట్టించండి. కొత్త పంప్ వేశాక కూడా, తాళం తీయగానే ప్రెషర్ పడిపోతుంటే ఇంజెక్టరో రెగ్యులేటరో కారుతుండొచ్చు. ఈ రీడింగులు లెటర్‌హెడ్ మీద తేదీ, కిలోమీటర్లు, సంతకంతో రాయించండి. ఫోన్‌లో తీసిన వీడియో కంటే వినియోగదారుల కమిషన్ ముందు ఈ కాగితానికే బరువెక్కువ.

నోటీసు తప్పనిసరి కాదు గానీ, 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపితే తగవు అక్కడే తీరిపోవచ్చు. తీరకపోతే మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గ్యారేజీ ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు. వివాద కారణం పుట్టినప్పటి నుంచి రెండేళ్లు గడువు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు గనక ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. వాట్సాప్ మెసేజీలు జతచేస్తే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్య చట్టం) సెక్షన్ 63(4) కింద, వాటిని ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ పెట్టండి.

పంప్, ఐడిల్ వాల్వ్ ధర, వాటి కూలి, రెండో వర్క్‌షాప్ పరీక్ష ఖర్చు అడగండి. ప్లగ్గుల డబ్బు వదిలేయండి. అవి ఎలాగూ అరిగేవే.