సమాధానం: సర్వీసు రోడ్డు గుంత ఎవరికి చెప్పాలి?

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో, సర్వీసు రోడ్డు మీద గుంతలో పడి రాత్రిళ్లు బైకులు బోల్తా కొడుతున్నాయని, స్థానిక ఆఫీసులో అడిగితే "మా పరిధి కాదు" అన్నారని రాశారు. వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చండీ. అది 16వ నంబరు జాతీయ రహదారి, మనం ఇప్పటికీ ఐదో నంబరు అనే చెన్నై–కోల్‌కతా రోడ్డు. చూసుకునేది కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ కింద ఉండే జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ, అదే ఎన్‌హెచ్‌ఏఐ.

ముందు దగ్గర్లో ఉన్న కిలోమీటరు రాయి చూడండి. పైభాగం పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. దాని మీది అంకె, గుంత ఏ వైపు ఉందో రాసుకుని, పగటిపూట ఫోటోలు తీయండి. ఊరికే "మంగళగిరి దగ్గర" అంటే వచ్చే మనిషి ఎక్కడని వెతుకుతాడు?

తర్వాత జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, 24 గంటలూ పనిచేస్తుంది. ప్రమాదం జరిగినా ఈ నంబరే. ఎన్‌హెచ్‌ఏఐ వాళ్ల రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు పెట్టొచ్చు. ఫిర్యాదు నంబరు మాత్రం దాచుకోండి.

కదలిక లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు సీపీగ్రామ్స్ పోర్టల్‌లో ఇదే శాఖను ఎంచుకుని రాయండి. మామూలుగా 21 రోజుల్లో తేల్చాలని 2024లో కేంద్రం చెప్పింది. గుంత అలాగే ఉండగా "పరిష్కరించాం" అని మూసేస్తే ఊరుకోకండి, కొత్త ఫోటో జతచేసి 30 రోజుల్లోపు అప్పీలుకు వెళ్లండి.

ఈలోగా గుంత చుట్టూ రాళ్లు పేర్చకండి. చీకట్లో వాటికి తగిలి మళ్లీ ఎవరో పడతారు.