టెస్ట్ పైలట్ కావాలంటే ఫ్లయింగ్ స్కూల్లో చేర్చాలా?

ప్రశ్న: మాది కందుకూరు. బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ విమానాలు దిగినప్పటి నుంచి వాడికి అదే ధ్యాస. ఈమధ్య కించెలో అవార్డు గురించి చదివి టెస్ట్ పైలట్ అవుతానంటున్నాడు. ఎకరం అమ్మి ఫ్లయింగ్ స్కూల్లో చేర్చమంటారా?

జవాబు: ఎకరం జోలికి పోకండి. ఫ్లయింగ్ స్కూల్లో వచ్చేది కమర్షియల్ పైలట్ లైసెన్సు. ఎయిర్‌లైన్స్ ఉద్యోగానికి అది కావాలి, మీవాడి దారి వేరు. కొత్త విమానాలను నడిపి పరీక్షించేవాళ్లే టెస్ట్ పైలట్లు. మన దగ్గర వాళ్లు ఎక్కువగా ఎయిర్‌ఫోర్స్ నుంచే వస్తారు. కొన్నేళ్లు స్క్వాడ్రన్‌లో, అంటే ఎయిర్‌ఫోర్స్ విమాన దళంలో, నడిపాకే బెంగళూరులోని ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్స్ స్కూల్‌కు ఎంపిక. గగన్‌యాన్‌కు తీసుకున్న నలుగురూ, శుభాంశు శుక్లాతో సహా, టెస్ట్ పైలట్లే.

ఇక ఆ అవార్డు. అమెరికా టెస్ట్ పైలట్ ఐవెన్ కించెలో 1956లో బెల్ ఎక్స్-2 రాకెట్ విమానాన్ని సుమారు 1,26,000 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లాడు. 1958లో ఎఫ్-104 కూలి చనిపోయాడు. ఆయన పేరుతో ఈ అవార్డును అమెరికాలోని టెస్ట్ పైలట్ల సంఘం ఇస్తుంది. బాబు దాన్ని సాహసానికి ఇచ్చే పతకం అనుకుంటున్నట్టున్నాడు. ఫ్లైట్ టెస్టింగ్‌లో గొప్పగా చేసిన పనికి ఇస్తారు. టెస్ట్ పైలట్లు ఏ ఎత్తులో, ఎంత వేగంలో ఏం చేయాలో ముందే కార్డు మీద రాసుకుంటారు. అంతే చేస్తారు, ఉత్సాహం కొద్దీ ఒక్కటి కూడా ఎక్కువ చేయరు. దిగాక రిపోర్టు రాస్తారు. మన యుద్ధ విమానం తేజస్ కూడా 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది సుమారు 18 నిమిషాలే!

బాబుకు ఇప్పుడున్న తలుపు ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష. వయసు 16½ నుంచి 19½ లోపు. అది తప్పినా డిగ్రీ తర్వాత ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఉంది. కోచింగ్ ఫీజు కట్టేముందు ఒంగోలులోనో నెల్లూరులోనో మంచి కంటి డాక్టరుకు చూపించండి. దూరపు చూపుకు అద్దాలు పడినా, రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉన్నా పైలట్ బ్రాంచ్ కష్టం. ఎత్తుతో పాటు కాళ్ల పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు. ఇంకొకటి, పైలట్ ఎంపికలో సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. అందులో ఫెయిలైతే జీవితంలో మళ్లీ రాయనివ్వరు. అందుకే తొందరపడి పంపకండి.

కళ్లు కుదరకపోతే బీటెక్ చేసి ఫ్లైట్ టెస్ట్ ఇంజినీరు వైపు వెళ్లొచ్చు. టెస్టులో ఏం కొలవాలో నిర్ణయించేది, నేల మీద స్క్రీన్ల ముందు కూర్చుని అంకెలు చూసేది వాళ్లే.

ఈలోగా వాడి ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు ఒకసారి తెరిచి చూడండి. రీడింగులు తను తీసినవా, సీనియర్ రికార్డు చూసి దించినవా అడగండి. దించినవైతే ఆ అలవాటు ఈ ఏడాదే మాన్పించాలి. టెస్ట్ రిపోర్టులో తను చూసిందే రాయాలి కదా.