జాబులు - జవాబులు: కంప్యూటర్ అంటే మనిషా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లీషు డిక్షనరీ దొరికింది. అందులో 'కంప్యూటర్' అంటే 'లెక్కలు కట్టేవాడు' అని తప్ప ఇంకేమీ లేదు. మా అబ్బాయి ఒకటే నవ్వు. అంతా తప్పుల తడక, పాత పేపర్లతోపాటు వేసెయ్యమంటున్నాడు. వేసెయ్యమంటారా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వెయ్యకండమ్మా. ముందు మీవాణ్ణి కూర్చోబెట్టి రాధానాథ్ సిక్దార్ సంగతి చెప్పండి. ఎవరెస్టు ఎత్తు లెక్కగట్టిన బెంగాలీ ఆయన. 1831లో దేశాన్ని కొలిచే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అనే ప్రభుత్వ శాఖలో చేరినప్పుడు ఆయన ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. తర్వాత చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. దూరం నుంచి తీసిన కొలతలన్నీ ముందేసుకుని కలంతో గుణించడం, భాగించడం ఆయన పని. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. ఈనాటి లెక్క 29,032. అంత కొండకి ముప్ఫై అడుగులే తేడా!

1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన నిఘంటువులోనూ కంప్యూటర్ అంటే లెక్కలు చేసే మనిషే. మీ తాతగారి పుస్తకం అచ్చయిననాటికి అదే సరైన అర్థం.

ఈ విషయంలో నా పరువూ ఒకసారి పోయింది. బి.ఏ. చదివే రోజుల్లో, నాలుగు వందల ఏళ్లనాటి ఇంగ్లీషు పద్యంలో 'సిల్లీ షీప్' అని వస్తే 'బుద్ధిలేని గొర్రెలు' అని రాశాను. మా లెక్చరరుగారు మార్జిన్‌లో ఎర్రసిరాతో 'గొర్రెలు కాదు, నువ్వు' అని రాసి ఇచ్చారు. సిల్లీ అంటే మొదట్లో ధన్యుడు. తర్వాత అమాయకుడు, ఆ తర్వాత అయ్యో పాపం అనిపించేవాడు. తెలివితక్కువవాడు అయింది చివరికి. 'నైస్' ఎదురుదారిలో వచ్చింది. ఒకప్పుడు ఎవరినైనా నైస్ అంటే మూర్ఖుడని తిట్టినట్టే!

మనకి మాత్రం లేవా? కంపు అంటే పాత కావ్యాల్లో సువాసన. ఇప్పుడు ఎవరింటికైనా వెళ్లి 'మీ ఇల్లు కంపు కొడుతోంది' అని చూడండి. చీర అంటే ఒకప్పుడు ఏ బట్టయినా చీరే, మగవాళ్లదైనా సరే. ఇంగ్లీషులో 'మీట్' కూడా ఇంతే, ఒకప్పుడు అది ఏ తిండికైనా పేరు, ఇప్పుడు మాంసానికే మిగిలింది.

పుస్తకం ఊడిపోతోందని సెల్లోటేపు మాత్రం వెయ్యకండి. కొన్నాళ్లకి అది పసుపెక్కి కాగితాన్ని కూడా లాగేస్తుంది. మెత్తని నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెట్టండి.

ప్రశ్న: షుగర్ ఉందని డాక్టరుగారు పొద్దున్నే ఓట్స్ తినమన్నారు. మా ఆఫీసులో ఒకాయన 'పాత డిక్షనరీ చూడు, ఓట్స్ అంటే గుర్రాల దాణా' అని రోజూ ఏడిపిస్తున్నాడు. నిజంగా అలా ఉందా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది. కానీ మీ ఆఫీసాయన సగమే చెప్పాడు. పైన చెప్పిన జాన్సన్‌గారే, ఓట్స్ అంటే ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే గింజ, స్కాట్లండులో జనాన్ని పోషించేది అని రాశాడు. స్కాట్లండు వాళ్లంటే ఆయనకి ఓ ఎకసెక్కం. తమాషా ఏమిటంటే, పనిలో సాయానికి పెట్టుకున్న ఆరుగురిలో ఐదుగురు స్కాట్లండు వాళ్లే. ఆ వాక్యం చూసినప్పుడు వాళ్ల మొహాలు ఎలా ఉన్నాయో!

గుర్రాల విషయంలో ఆయనకీ దెబ్బ తగిలింది లెండి. 'పాస్టర్న్' అంటే గుర్రం మోకాలు అని రాశాడు. అసలది గిట్టకి కాస్త పైన ఉండే భాగం. ఎందుకలా రాశారని ఒకావిడ అడిగితే, అజ్ఞానమమ్మా, ఉత్త అజ్ఞానం అని ఒప్పేసుకున్నాడట. నలభై రెండు వేలకు పైగా మాటలు. మూడేళ్లలో అయిపోతుందనుకున్న పని తొమ్మిదేళ్లకి దగ్గర దగ్గర పట్టింది. నిఘంటువులు రాసేవాడంటే ఎవరికీ హాని చెయ్యని గొడ్డుచాకిరీ మనిషని తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. మీ ఆఫీసాయనకి ఈసారి గుర్రం మోకాలెక్కడుందో అడగండి. ఓట్స్ మాత్రం మానకండి.

ప్రశ్న: ఇంగ్లీషు నిఘంటువుల్లోకి మన తెలుగు మాట ఏదైనా ఎక్కిందా?
- ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఎక్కింది. అదీ ఏ వీణో వెన్నెలో కాదు, పందికొక్కు! ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి 'బాండికూట్' అయింది. అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉండి, మూతి పొడుగ్గా ఉండే ఒక జంతువు కనిపిస్తే దానికీ అదే పేరు పెట్టేశారు. మన పందికొక్కుతో దానికి ఏ చుట్టరికమూ లేదు.