స్కోర్ మస్తుగ వస్తోంది, పీసీ మాత్రం ఆగిపోతోంది

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది వరంగల్, ఏనుమాముల మార్కెట్ దగ్గర. పోయిన దసరాకు పీసీ బిల్డ్ చేయించుకున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, ఇంట్లో ఉన్న పాత 600 వీఏ యూపీఎస్. మార్చి దాకా బాగానే నడిచింది. ఇప్పుడు గేమ్ పెట్టిన అరగంటకు, అదీ సాయంత్రం పూట, టక్కున ఆగిపోతోంది. షాపుకు తీసుకెళ్తే బెంచ్‌మార్క్ (స్పీడుకు మార్కులేసే టెస్ట్) పెట్టి "స్కోర్ మస్తుగ వచ్చింది, దీనికేం కాలేదు" అని పంపించారు. స్ట్రెస్ టెస్ట్ (పూర్తి లోడు మీద నడిపి చూడటం) పెడితే పార్టులు కాలిపోతాయని దోస్తులు భయపెడుతున్నారు. నా రూము పైన రేకుల షెడ్డు.

జవాబు: షాపువాళ్లు అబద్ధం చెప్పి ఉండరు తమ్ముడూ. కాకపోతే ఏసీ గదిలో రెండు మూడు నిమిషాలు నడిపితే వచ్చే స్కోర్ వేరు, మే నెలలో రేకుల కింద రెండు గంటలు ఆడటం వేరు. నువ్వు యూపీఎస్‌ను కూడా షాపుకు మోసుకెళ్లి ఉండవు, నా అనుమానమంతా దాని మీదే.

కాలిపోతుందన్న భయం వద్దు. 5600కి 90 డిగ్రీలు హద్దు, అక్కడికి చేరగానే అదే స్పీడు తగ్గించుకుంటుంది, ఇంకా మించితే ఆగిపోతుంది. పేరులేని చవక ఎస్‌ఎంపీఎస్ (పీసీ లోపల పార్టులకు కరెంటు అందించే డబ్బా) వేయించి ఉంటే మాత్రం కాస్త జాగ్రత్త.

టెస్ట్ కంటే ముందు కేసు ముందు వైపు ఫిల్టర్ తీసి చూడు. మార్కెట్ పక్కనే ఇల్లు, పత్తి సీజన్ అంతా పీసీ ఆ గాలే పీల్చింది. దూది పీచు, దుమ్ము కలిసి గొంగడి ముక్కలా అతుక్కుని ఉంటుంది, గోటితో లాగితే ఒక పొరలా ఊడొస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకో, గిరగిరా తిరగనివ్వకు. గదిలో పెట్టుకునే నీళ్ల కూలర్‌ను కూడా కేసుకు ఎదురుగా పెట్టకు, ఆ తడి గాలి లోపలికి పోకూడదు.

తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో (పార్టుల వేడి అంకెల్లో చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి పెట్టుకుని, నువ్వు రోజూ ఆడే టైములోనే, ఒక్కో పార్టును విడిగా పరీక్షించు. సినీబెంచ్ పది నిమిషాలు పెడితే ప్రాసెసర్ సంగతి తెలుస్తుంది. ఫర్‌మార్క్ పావుగంట పెడితే గ్రాఫిక్స్ కార్డు సంగతి తెలుస్తుంది, దాన్ని వదిలేసి టీ తాగడానికి పోకు, అంకెలు చూస్తూ కూర్చో, 3060కి 93 డిగ్రీలు హద్దు. ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలెయ్, పొద్దున ఒక్క ఎర్రర్ కనపడినా వారంటీకి పంపాల్సిందే, అయితే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడు మీద నడిపే సెట్టింగు) ఆఫ్ చేసి ఇంకోసారి చూశాకే పంపు.

ఇవన్నీ విడివిడిగా పాసై, ప్రాసెసర్‌కూ కార్డుకూ ఒకేసారి లోడు ఇచ్చినప్పుడే ఆగిపోతే అది వేడి కాదు, కరెంటు. లెక్క చూడు: ప్రాసెసర్ 76 వాట్ల దాకా, కార్డు 170, బోర్డు, ఫ్యాన్లు, మానిటర్, ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలిపితే 330 దాటుతుంది, కార్డు క్షణకాలం అంతకంటే ఎక్కువే లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ మామూలుగా మోసేది 360 వాట్లే. పైగా సాయంత్రం చుట్టుపక్కల ఏసీలన్నీ ఆన్ అయి వోల్టేజీ పడిపోతుంది, యూపీఎస్ టక్‌మని బ్యాటరీ మీదికి పోతుంది, పాత బ్యాటరీ ఈ లోడును ఒక్క సెకను కూడా మోయలేదు. ఆగిపోయే ముందు ఆ టక్ చప్పుడు వినపడుతోందా?

ఒక్క సాయంత్రం యూపీఎస్ తీసేసి, ఎర్తింగ్ సరిగా ఉన్న గోడ ప్లగ్గుకు పెట్టి ఆడు. ఆగకపోతే కొనాల్సింది 1000 వీఏ యూపీఎస్, కొత్త కార్డు కాదు. అప్పుడు కూడా ఆగితే వేరే ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి వేసి చూడు.

ప్రశ్న: మాది జమ్మికుంట. నాదీ, మా బావమరిదిదీ ఒకే కాన్ఫిగరేషన్, అయినా అతని స్కోర్ ఎక్కువ. షాపులో మోసం చేశారా?

జవాబు: ముందు ర్యామ్ చూడండి. ఆయనవి రెండు 8 జీబీ కర్రలు, మీది ఒకే 16 జీబీ కర్ర అయితే తేడా అక్కడే ఉంది, రెండు కర్రలుంటే డేటా రెండు దారుల్లో పోతుంది. 3200 స్పీడు ర్యామ్ కొని బయోస్‌లో (పీసీ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల తెరలో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే అది 2400 మీదో 2666 మీదో నడుస్తూ ఉంటుంది, టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర కనపడుతుంది. ఇవి సరిచేసి మూడుసార్లు నడపండి, ఇద్దరూ ఒకే పూట. మీరు మధ్యాహ్నం, ఆయన తెల్లవారుజామున పెట్టి పోల్చుకుంటే తేడా రాక ఏమవుతుంది?