స్టాప్ అన్నా ఆగని సందేశాలు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలోని ఒక చిన్న సంస్థలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. మా ఫైర్‌వాల్, సర్వర్ల లాగ్‌లన్నీ ఒక ఉబుంటు యంత్రంలోని ఆర్‌సిస్‌లాగ్‌కు (లాగ్ సందేశాలను అందుకుని నియమాల ప్రకారం ఫైళ్లలో రాసే ప్రోగ్రామ్) చేరతాయి. ఫైర్‌వాల్ సందేశాలు విడిగా ఒక ఫైలులో పడాలని దాని నియమాల భాష అయిన రైనర్‌స్క్రిప్ట్‌లో నియమం రాసి, చివర స్టాప్ కూడా పెట్టి, 90 అంకెతో మొదలయ్యే పేరుతో భద్రపరిచాను. అయినా అవి పాత సిస్‌లాగ్ ఫైలులోనూ పడుతున్నాయి. ‘డినై’ అన్న మాటతో మొదలయ్యే సందేశాలను మరో ఫైలుకు పంపమని దానికి ముందే రాసిన నియమమైతే ఒక్కసారీ పనిచేయలేదు. తనిఖీ ఆదేశం మాత్రం తప్పేమీ లేదంటోంది. ఎక్కడ పొరబడ్డాను? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ స్టాప్‌లో దోషం లేదు, అది ఆలస్యంగా వస్తోంది. ఉబుంటులో ప్రధాన కన్ఫిగరేషన్ ఫైలు, ఆర్‌సిస్‌లాగ్ డాట్ డీ ఫోల్డర్‌లోని ఫైళ్లను పేర్ల వరుసలో కలుపుకుంటుంది. సిస్‌లాగ్ ఫైలులో రాయమనే నియమం 50 అంకె గల డిఫాల్ట్ ఫైలులో ఉంది కనుక, సందేశం మీ 90వ ఫైలును చేరేసరికే అక్కడ నమోదైపోయింది. మీ ఫైలు పేరును 30తో మొదలయ్యేలా మారిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

ఈ పొరపాటు చాలామంది చేస్తారు, కారణం మన ఊహలో ఉంది. కాలువకు తూము తీస్తే ఆ నీరు పొలంలోకి మళ్లి దిగువకు పోదు. ఆర్‌సిస్‌లాగ్‌లో మాత్రం ఒక నియమం సందేశాన్ని ఫైలులో రాసుకున్నా, అదే సందేశం తరువాతి నియమాల వైపు చెక్కుచెదరకుండా సాగిపోతుంది. స్టాప్ అన్న మాట ఎదురైనప్పుడే దాని ప్రయాణం ముగుస్తుంది.

అయితే పేరు మార్చి ఊరుకోవడం నాకు నచ్చని పరిష్కారం, ఎందుకంటే రేపు మరొకరు 20వ అంకెతో ఇంకో ఫైలు పెడితే కథ మొదటికి వస్తుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చే సందేశాలకు విడిగా ఒక రూల్‌సెట్ (నియమాల గుంపు) రాసి, 514వ పోర్టులో వినే ఇన్‌పుట్‌కు ఆ రూల్‌సెట్‌ను జతచేయండి. అప్పుడు బయటి సందేశాలు ఆ యంత్రపు సొంత నియమాల జోలికే రావు, ఫైళ్ల వరుసతో పని ఉండదు. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ కోసం రాసిన సిస్‌లాగ్ నుంచి వచ్చిన పాత ఒంటివరుస పద్ధతిలో, సందేశం ఏ విభాగానిది, ఎంత తీవ్రమైనది అన్న రెండు ప్రశ్నలే అడగగలిగేవాళ్లం. 2004లో ఆర్‌సిస్‌లాగ్‌ను మొదలుపెట్టిన రైనర్ గెర్హార్డ్స్ పేరు మీద వచ్చిన రైనర్‌స్క్రిప్ట్‌లో షరతులు, చరరాశులు, రూల్‌సెట్‌లు అన్నీ ఉన్నాయి.

ఇక రెండో నియమం. బీఎస్‌డీ అనే పాత సిస్‌లాగ్ రూపంలో వచ్చే సందేశంలో ప్రోగ్రామ్ పేరు, దాని వెనుక కోలన్, ఆ తరువాత ఒక ఖాళీ ఉంటాయి. ఆర్‌సిస్‌లాగ్ కోలన్ దాకా ట్యాగ్‌గా తీసుకొని, ఖాళీని సందేశంలోనే ఉంచుతుంది. మీ ఫైర్‌వాల్ ఆ రూపంలోనే పంపుతుంటే, సందేశం ‘డినై’తో కాక ఖాళీతో మొదలవుతోంది, స్టార్ట్స్‌విత్ అన్న పోలిక అందుకే కుదరడం లేదు. పోల్చవలసిన మాట ముందు ఒక ఖాళీ చేర్చండి. కంటైన్స్ వాడితే తేలికగా పనైపోతుందని కొందరు చెబుతారు గానీ, ఆ మాట సందేశం మధ్యలో వచ్చినా అది ఒప్పుకుంటుంది కనుక నేను సిఫార్సు చేయను.

తనిఖీ ఆదేశం వాక్యనిర్మాణాన్ని మాత్రమే చూస్తుంది, మీ ఉద్దేశాన్ని చూడదు. ఇటువంటప్పుడు ఆర్‌సిస్‌లాగ్‌లో ముందే ఉన్న డీబగ్‌ఫార్మాట్ టెంప్లేట్‌తో సందేశాలను ఒక తాత్కాలిక ఫైలులోకి రాయించండి. ప్రతి అంశమూ కొటేషన్ గుర్తుల మధ్య కనిపిస్తుంది కనుక, తొలి గుర్తుకూ తొలి అక్షరానికీ మధ్య ఉన్న ఖాళీ అక్కడ దొరికిపోతుంది.

ప్రశ్న: డెబియన్ 12లో ఆర్‌సిస్‌లాగ్ ముందుగా ఇన్‌స్టాల్ అయి రావడం లేదు. ఇక దీనిని నేర్చుకోవడం వృథానా? – ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు: వృథా కాదు. ఒక్క యంత్రపు లాగ్‌లు చూసుకోవడానికి, ఆ యంత్రంలోని లాగ్‌లను సేకరించే జర్నల్‌డీ చాలు; కానీ రూటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు నెట్‌వర్క్ మీద పంపేది సిస్‌లాగ్ సందేశాలనే, జర్నల్‌డీ వాటిని నేరుగా అందుకోదు. నేర్చుకునేటప్పుడు ముందుగా సందేశం మొదట్లో కోణపు గుర్తుల మధ్య ఉండే అంకెను విడదీయడం అలవాటు చేసుకోండి. 134 అంటే 16ను 8తో హెచ్చించి 6 కలిపినది. 16 లోకల్0 విభాగం, 6 సాధారణ సమాచారం. తీవ్రత అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని మరచిపోవద్దు.

ప్రశ్న: మా బెంగళూరు సర్వర్ల లాగ్‌లను టీసీపీ ద్వారా చెన్నైలోని సర్వర్‌కు పంపుతున్నాము. ఒకసారి చెన్నై సర్వర్ గంటసేపు ఆగితే ఆ గంట లాగ్‌లు పోయాయి. అందుకని పునఃప్రయత్నాల సంఖ్యను మైనస్ 1 చేశాము. రెండోసారి ఆగినప్పుడు బెంగళూరు సర్వర్లలో లాగిన్ కావడమే కష్టమైంది. – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: పునఃప్రయత్నాల సంఖ్య మామూలుగా సున్నా, పంపలేని సందేశాన్ని వదిలేస్తుంది. మైనస్ 1 అంటే ఎప్పటికీ వదలవద్దని అర్థం. కానీ పంపే చర్యకు సొంత క్యూ (సందేశాలు వేచి ఉండే వరుస) లేకపోవడం వల్ల సందేశాలన్నీ ప్రధాన క్యూలో పేరుకుపోయి, అది నిండాక లాగ్ రాయబోయిన ప్రతి ప్రోగ్రామూ, లాగిన్ చేయించేది సహా, అక్కడే నిలిచిపోయింది. మైనస్ 1ను ఉంచి, పంపే చర్యకు లింక్డ్‌లిస్ట్ రకం క్యూ ఇవ్వండి. ఆ క్యూకు ఫైలు పేరు చెబితే నిండినప్పుడు డిస్క్‌ను వాడుకుంటుంది. ఆర్‌సిస్‌లాగ్‌ను ఆపినప్పుడు క్యూను భద్రపరచే అమరికను కూడా ఆన్ చేయండి. కనెక్షన్ తెగిన క్షణంలో దారిలో ఉన్న కొన్ని సందేశాలు టీసీపీలో పోవచ్చు. అవీ పోకూడదంటే, అందినట్టు రసీదు తీసుకునే రెల్ప్ అనే పద్ధతికి మారండి.

డిస్క్ పరిమితిని లెక్కవేసి పెట్టండి. సెకనుకు 300 బైట్ల సందేశాలు 500 వస్తాయనుకుంటే గంటకు 540 మెగాబైట్లు. శుక్రవారం రాత్రి 9కి ఆగిన సర్వర్‌ను సోమవారం ఉదయం 9 దాకా ఎవరూ చూడని కార్యాలయమైతే 60 గంటలకు 32 గిగాబైట్లు దాటుతుంది.